ముప్పై నాలుగో పేజీ

నా పాస్‌పోర్టులో కాగితాలు అయిపోవచ్చాయన్న సంగతి నాకు మొదట మోసుకొచ్చింది మా ఊళ్ళో ఎస్టీడీ బూత్ నడిపే నాగమణి. ఆదివారం పొద్దున్న నేను దొడ్లో అంట్లు తోముకుంటుంటే చెప్పులైనా వేసుకోకుండా వచ్చింది.

"అక్కా, మస్కట్ నించి ఫోను. నీ పాస్‌పోర్టులో ఖాళీ పేజీలు ఎన్నున్నాయో చూసి చెప్పాలంట. పది నిమిషాల్లో మళ్ళీ చేస్తామన్నారు."

"ఎందుకంట?"

"నన్నడుగుతావేంటి? ఆయన అరబ్బీ, ఇంగ్లీషు కలిపి చెప్పాడు. పాస్‌పోర్టు, ఖాళీ పేజీలు, పది నిమిషాలు, ఆ ముక్కలే నాకు అర్థమయ్యాయి."

బూడిద చేతులు చెంగుకి తుడుచుకుని లోపలికి పరుగెత్తాను. బియ్యం డబ్బా అడుగున పాత తువ్వాల్లో చుట్టి దాచుకునేదాన్ని ఆ పుస్తకాన్ని.

దేశాలు తిరిగే పెద్ద వ్యాపారస్తులకి పేజీలు అయిపోయాయంటే ఎవరైనా నమ్ముతారు. ముక్తేశ్వరం దగ్గర కొబ్బరితోటల్లో పుట్టి, బడి గడప తొక్కకుండా, మా నాయనమ్మ ఒళ్ళో కూర్చుని పాత క్యాలెండర్ల వెనక అక్షరాలు దిద్దుకున్న నాకెలా అయిపోయాయా అని మీరనుకోవచ్చు. మస్కట్‌లో చూపు లేని ఒక పెద్దావిడ దగ్గర నేను ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను. ఏడాదిగా ఆవిడ కళ్ళకి వైద్యం దుబాయ్‌లో. మూడు వారాలకోసారి వాళ్ళబ్బాయి కారులో తీసుకెళ్తారు. నా భుజం మీద చెయ్యి వేస్తే గానీ ఆవిడ అడుగు తీసి అడుగు వెయ్యదు, కాబట్టి నేనూ వెళ్ళాలి. సరిహద్దు రోడ్డు మీదే ఉంటుంది. ఈ దేశం వదిలినందుకు ఒక ముద్ర, ఆ దేశం చేరినందుకు ఒకటి, తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ రెండు. వేసేవాళ్ళు మూలన ఒద్దికగా వెయ్యరు, పేజీ నడిమధ్యన కొడతారు.

మంచం మీద కూర్చుని లెక్కపెట్టాను. ముప్పై నాలుగో పేజీ ఒక్కటే తెల్లగా ఉంది. మిగతావన్నీ నీలం, ఎరుపు, ఆకుపచ్చ ముద్రలు. ఆఖరి పేజీల్లో ఆఫీసు వాళ్ళ రాతలు.

ఫోన్లో పెద్దావిడ కొడుకు విషయం చెప్పారు. నా వీసా ఈ నెలాఖరుతో అయిపోతుంది. కొత్తది వెయ్యడానికి ఒక పేజీ పూర్తిగా ఖాళీగా ఉండాలి. "ఒకటుందా? మంచిది. దాన్ని జాగ్రత్తగా ఉంచు. కానీ ముద్రలకి చోటు లేదు కాబట్టి, కొత్త పుస్తకం తీసుకుని వస్తే నీకు భయం ఉండదు. దొరక్కపోతే ఆ ఒక్క పేజీతోనే వచ్చెయ్. టికెట్ ఈ గురువారం కాదు, పై గురువారానికి. ఆ వారం దాటితే అమ్మ కోసం ఇంకొకరిని వెతుక్కోవాలి" అన్నారు. కోపంగా అన్నది కాదు. ఉన్న మాట చెప్పారంతే.

మా ఆయన చెట్లెక్కి కొబ్బరికాయలు దింపేవారు. ఎనిమిదేళ్ళ కిందట జారి పడ్డారు. అప్పట్నించి గంట సేపు నిలబడితే నడుం పట్టేస్తుంది. ఆ వీసా మీదే మా పొయ్యి వెలుగుతోంది. ఆ ఒక్క తెల్ల పేజీని చూసి, తల్లీ ఇదైనా మిగిల్చావు అని కళ్ళకద్దుకున్నాను.

కోటిపల్లి రేవు

సోమవారం పొద్దున్నే బయల్దేరాను. పాస్‌పోర్టుని రెండు పాలప్యాకెట్ కవర్లలో చుట్టి, గుడ్డసంచిలో పెట్టి, సంచి తాడు బొడ్లో దోపుకున్నాను. ఆరేళ్ళుగా సముద్రాల మీదుగా ఎగిరినదాన్ని, ఆ రోజు పుట్టి పెరిగిన గోదారి దాటడానికి భయపడ్డాను. రెండు పడవలు కలిపి కట్టిన పంటు మీద మోటారు సైకిళ్ళు, పాల క్యాన్లు, కొబ్బరి గెలలు, మనుషులు. అది ఊగినప్పుడల్లా నా చెయ్యి బొడ్డు దగ్గరికే పోయేది. మునిగితే ఈత వచ్చు కాబట్టి నేను తేలతాను, పుస్తకం తేలదు కదా అనిపించింది.

పక్కన ఒకామె ఎండుచేపల బుట్ట మీద చెయ్యేసుకుని కూర్చుంది. నాకంటే నాలుగైదేళ్ళు చిన్నదై ఉంటుంది. నల్లగా, గట్టిగా, నుదుట పెద్ద బొట్టుతో ఉంది.

"కడుపునొప్పాండి?"

"లేదమ్మా."

"మరి పొట్ట పట్టుకుని కూర్చున్నారు."

నవ్వేసి, పాస్‌పోర్టు పనికి వెళ్తున్నానని చెప్పాను. ఆమె కళ్ళు ఒక్కసారి నా నడుం దగ్గరికి పోయి వచ్చాయి. "ఆయ్, అలాగాండి" అంది. పేరు మరిడమ్మ. కింద సముద్రం పక్క నించి సరుకు తెచ్చి రామచంద్రపురం సంతలో అమ్ముతుందట.

రేవులో దిగేటప్పుడు చెక్క మీద కాలు జారింది. నేను రెండు చేతులతోనూ పుస్తకాన్ని పట్టుకున్నాను. చెప్పుని పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. ఎడమ కాలిది గోదాట్లో పడి మెల్లగా దిగువకి పోయింది.

"ఒకటి గోదారమ్మకిచ్చారు. రెండోది ఎవరికిత్తారండి?" అంది మరిడమ్మ వెనకనించి.

రెండోది కూడా అక్కడే వదిలేశాను. పాకలో టీ తాగితే రూపాయిన్నర తీసుకున్నాడు. మస్కట్‌లో అదే టీ తాగినప్పుడు మన డబ్బుల్లో ఎంతవుతుందో ఎప్పుడూ లెక్క వేసుకోను. వేసుకుంటే గొంతు దిగదు.

ద్రాక్షారామం

బస్సు దిగి ఉత్తకాళ్ళతో గుడిలోకి వెళ్ళాను. గుడికే కదా, చెప్పులు పోయినా ఫరవాలేదులే అనుకున్నాను. రెండంతస్తుల ఎత్తున్న భీమేశ్వరుణ్ణి మేడ ఎక్కి చూశాను, కింద చూశాను. అమ్మవారి దగ్గర పసుపు, కుంకుమ పొట్లాలు కట్టి ఇచ్చారు. మండపంలో చల్లటి రాతి మీద కూర్చుని పులిహోర తిన్నాను. నిన్నటి నించీ ఉన్న భయం తగ్గింది. ఆ తగ్గడమే నా కొంప ముంచింది.

పెద్దావిడకి ఒక అలవాటుంది. ప్రయాణానికి ముందు తన పాస్‌పోర్టూ నా పాస్‌పోర్టూ రెండూ చేతుల్లోకి తీసుకుని, వాళ్ళ ప్రార్థన ఏదో చదివి, మెల్లగా ఊదుతుంది. ఆ ఊపిరి పుస్తకాన్ని తాకి పోతుంది, కాగితం మీద ఏదీ మిగలదు. మన అలవాటు వేరు. కొత్త చీర అంచుకి, శుభలేఖ మూలలకి, పిల్లల కొత్త పుస్తకానికి పసుపు పెట్టందే మనకి చెయ్యి ఆడదు. నేను ప్రతిసారీ పాస్‌పోర్టు అట్ట మీద పెట్టేదాన్ని. ఈసారి నాగమణి దానికి ప్లాస్టిక్ అట్ట వేసిచ్చింది. దాని మీద పసుపు నిలవదు.

అందుకని లోపల తెరిచాను. ముప్పై నాలుగో పేజీ. ఇంత దయ చూపించిన పేజీకి కాకపోతే ఇంక దేనికి పెడతాం అనుకున్నాను. తిన్నాక కడుక్కున్న చెయ్యి ఇంకా నీళ్ళోడుతోంది. ఉంగరం వేలితో నాలుగు మూలలా పసుపు అద్ది, నడిమధ్యన కుంకుమ బొట్టు పెట్టాను. శుభలేఖలా కళకళలాడింది. కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుని, పుస్తకం మూసేశాను.

ఎవరూ చెప్పలేదు. ఎవరూ చేయించలేదు. అదంతా నేనే చేశాను.

రామచంద్రపురం దాకా

బస్సులో మళ్ళీ మరిడమ్మే పక్కన పడింది. ద్రాక్షారామం వీధుల్లో కొంత సరుకు అమ్మి ఎక్కిందట. బుట్ట వాసనకి కండక్టర్ ముక్కు ముడిచి, "వెనక్కి పెట్టమ్మా, జనం దిగిపోతారు" అన్నాడు.

"దిగిపోతే పోనీండి, సీట్లు దొరుకుతాయి" అంది.

నేను ప్రతి ఊరు దగ్గరా సంచిలో చెయ్యి పెట్టి తడిమి చూసుకుంటున్నాను.

"ఎన్నిసార్లు చూత్తారండి, ఎగిరిపోద్దా ఏంటి?" అంది. తర్వాత గొంతు మారింది. "మీ వేళ్ళకి ఎర్రగా ఏంటండది? నెత్తురా?"

పాలప్యాకెట్ కవరు అంచునించి ఎర్రగా కారుతోంది. బయటికి తీశాను. తడికి కుంకుమ కరిగి, పేజీ సగం దాకా పాకింది. వెనక ముప్పై మూడో పేజీలో ఉన్న దుబాయ్ ముద్ర మీదికి కూడా దిగింది. పసుపు మూలలు ఉబ్బిపోయాయి.

మరిడమ్మ ఆ పేజీని చూసి, నన్ను చూసింది.

"ఖాళీ పేజీలో బొట్టెట్టారేంటండి?"

"మంచిదని పెట్టానమ్మా."

"మంచిదేనండి. అది గవర్నమెంటు పుస్తకం కదా."

ఆ మాట వినేదాకా నాకది తోచలేదు. నా పేరు, నా ఫొటో ఉంది కాబట్టి అది నాదేననుకున్నాను. అట్ట లోపల, ఈ పుస్తకం సర్కారుదని ఇంగ్లీషులో ఉంటుందట. మరిడమ్మ తాను రెండుసార్లు కువైట్ వెళ్ళొచ్చానని అప్పుడు చెప్పింది.

"నేనొకటి చెప్తాను, గట్టిగా ఇనుకోండి. ఎవరేం చెప్పినా ఆకు చింపనివ్వకండి. కడగనివ్వకండి. ఉన్నదున్నట్టు పట్టుకెళ్ళి చూపించండి. మా ఊరమ్మాయి ఒకత్తి కువైట్ ఎల్లేది. పాత ముద్ర ఏదో అడ్డొత్తందని ఏజెంటు ఒక ఆకు పీకేశాడు. ఎవరికీ తెలీదన్నాడు. బొంబాయిలో ఇమానం దగ్గర ఆకులు లెక్కెట్టారు. ఎనక్కి పంపేశారు. కేసూ, తిరుగుడూ. మరెప్పుడూ ఎల్లలేదు."

"ఇప్పుడేం చేస్తోంది?"

"ఏం చేత్తాది? బతుకుతాంది" అని కిటికీ వైపు తిరిగింది.

రామచంద్రపురంలో ఆమె దిగిపోయింది. బుట్ట నెత్తిన పెట్టుకున్నాక కూడా వెనక్కి తిరిగి, రెండు వేళ్ళతో చింపుతున్నట్టు చూపించి, వద్దని తల ఊపింది.

రాజమండ్రి

ఆ రాత్రి గట్టు మీద సత్రంలో పడుకున్నాను గానీ కన్ను మూయలేదు. మంగళవారం పొద్దున్న హోటల్లో పెసరట్టు పెట్టించుకుని సగం వదిలేశాను. పాస్‌పోర్టు ఫారాలు నింపిపెట్టే ఒకాయన పేరు నాగమణి చెప్పి పంపింది. ఆయన కొట్లో గోడ నిండా విమానాల బొమ్మలు. టేబుల్ మీద గాజు కింద నోట్లు, అన్ని దేశాలవీ.

ఆయన పేజీ తెరవగానే ఈల వేశాడు.

"ఇదేంటమ్మా, పెళ్ళిపిలుపా?"

విషయమంతా చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"ప్రభుత్వ పత్రం పాడుచెయ్యడం అంటారు దీన్ని. ముద్ర మీదికి కూడా రంగు దిగింది. ముద్ర చెరపడానికే చేశారంటారు. కొత్త పుస్తకం మాట దేవుడెరుగు, ఉన్నది లాగేసుకుని లోపలేస్తారు. జైలు చూశారా ఎప్పుడైనా?"

"లేదండి."

"చూడక్కర్లేకుండా నేను చేస్తాను." సొరుగులోంచి బ్లేడు తీశాడు. "కుట్టు దగ్గర సన్నగా తీసేస్తే ముప్పై మూడు, ముప్పై నాలుగు ఒకే ఆకు, రెండూ పోతాయి. ఎవరు లెక్కెడతారు? మీలాంటి వాళ్ళకి ఎంతమందికి చేశానో."

నిజం చెప్తున్నాను, నేను సరేనన్నాను. జైలన్న మాట విన్నాక నాకు మరిడమ్మ గుర్తు రాలేదు, దేవుడు గుర్తు రాలేదు. మా ఆయన నడుం పట్టుకుని జైలు గేటు దగ్గర నిలబడినట్టు కనిపించింది. ఫారాలాయన పుస్తకాన్ని విరిచిపట్టి, కుట్టు దగ్గర బ్లేడు ఆనించాడు. దారం ఒక పోగు టిక్కుమని తెగింది.

ఆ చప్పుడుకి మెలకువ వచ్చినట్టయింది. చింపుతున్నట్టు చూపించిన రెండు నల్లటి వేళ్ళు కళ్ళముందు ఆడాయి.

"ఆపండి."

"ఏంటి?"

"ఆపండి బాబూ. వద్దు." చెయ్యి చాపి, బ్లేడు ఉన్నా చూసుకోకుండా పుస్తకం లాక్కున్నాను. బొటనవేలు కొద్దిగా తెగింది.

"రేపు కటకటాల వెనక కూర్చుని, ఆయన మాట వినుంటే బావుండేదని ఏడుస్తారు" అన్నాడు. ఫారం మాత్రం నింపి ఇచ్చాడు. అందుకు ఆయన కూడా చల్లగా ఉండాలనే అనుకుంటాను.

మధ్యాహ్నం రైలుకి గంట టైముంది. రేవు మెట్ల మీద కూర్చున్నాను. జనం స్నానాలు చేస్తున్నారు, దీపాలు వదులుతున్నారు. నేను కోరిక ఏదీ కోరుకోలేదు. అడగడానికి ధైర్యం చాల్లేదు. తల్లీ, మొన్న అడగకుండానే ఒక పేజీ ఇచ్చావు, దాన్ని నేనే పాడుచేశాను, రేపు నా నోట నిజం మాత్రం పలికించు అనుకున్నాను.

విశాఖ

బుధవారం తెల్లారేసరికి ఆఫీసు బయట వరసలో ఉన్నాను. అక్కడా మస్కట్‌లో లాగే ఆడవాళ్ళకి వేరే వరస ఉంది. కానీ మస్కట్‌లో వరసలో ఎవరూ పక్కవాళ్ళ బాధ అడగరు. ఇక్కడ గంటలో నా ముందున్నావిడ కూతురి కాన్పు సంగతి, వెనకున్నావిడ అల్లుడి సంగతి అన్నీ తెలిసిపోయాయి. నా సంగతి మాత్రం నేను చెప్పలేదు. అడిగితే, "పేజీలు అయిపోయాయండి" అన్నాను.

"అబ్బో, ఎన్ని దేశాలు తిరిగారో" అందొకావిడ.

రెండే దేశాలు, ఒకే రోడ్డు, ఒకే ముసలామె చెయ్యి నా భుజం మీద. ఆ మాట కూడా బయటికి రాలేదు.

కౌంటర్లో గుమస్తా పేరడిగాడు, భర్త పేరడిగాడు. మా ఆయన పేరు నేను నోటితో పలికేది ఇలాంటి కిటికీల ముందే. చెప్పాను. గుమస్తా పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఆగాడు. ఎండిన కుంకుమ టేబుల్ మీద రాలింది. ఏమీ అనకుండా పుస్తకం తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ పావుగంట ఎంత పొడుగ్గా ఉందో చెప్పలేను. పోలీసులు ఏ గుమ్మంలోంచి వస్తారా అని రెండు గుమ్మాలకేసీ చూస్తూ నిలబడ్డాను. వెనకున్నావిడ, "చెమటలు పట్టాయి, కూర్చోండి" అంది. కూర్చుంటే గుమ్మాలు కనపడవని నిలబడే ఉన్నాను.

లోపలికి పిలిచారు. పెద్ద ఆఫీసరు తెల్ల జుట్టాయన. పుస్తకం ఆయన ముందు తెరిచి ఉంది.

"ఇది ఎవరు పెట్టారమ్మా?"

"నేనేనండి."

"ఎవరైనా చెప్పి చేయించారా?"

"లేదండి. ద్రాక్షారామంలో నేనే పెట్టుకున్నాను. తెలియకండి."

"దేవుడికి ఇంకెక్కడా చోటు దొరకలేదా?"

"అదొక్కటే ఖాళీగా ఉందండి."

గుమస్తా నవ్వు ఆపుకోలేక పక్కకి తిరిగాడు. ఆఫీసరు నవ్వలేదు. పుస్తకాన్ని కిటికీ వెలుగులోకి ఎత్తిపట్టాడు. తర్వాత వేలు తడి చేసుకుని ఒక్కో ఆకూ లెక్కపెట్టాడు. పైకి వినపడేలా. ఒకటి, రెండు, మూడు. నేను ఆయనతో పాటు లోపల లెక్కపెట్టాను. కుంకుమ ఆకు దగ్గర, తెగిన దారప్పోగు మీద ఆయన గోరు ఆగింది.

"ఇది?"

రాజమండ్రి సంగతి కూడా చెప్పేశాను. బ్లేడు ఆనించడం, నేను సరేననడం, మళ్ళీ లాక్కోవడం. కట్టు కట్టిన బొటనవేలు చూపించాను.

ఆయన నా వేలు చూశారు. "కుంకుమకి నా దగ్గర దారుంది. ఆ ఆకు లేకపోతే మాత్రం నేను చేయగలిగిందేమీ ఉండేది కాదమ్మా" అన్నారు.

జరిగినది రాసిమ్మన్నారు. తెలుగులో రాయొచ్చా అన్నాను. రాయమన్నారు. సర్కారుకి నేను రాసిన మొదటి ఉత్తరం అది. "ముప్పై నాలుగో పేజీలో పసుపు, కుంకుమ పెట్టింది నేనే. మంచి జరగాలని పెట్టాను. ఏ ముద్రనీ చెరపాలని కాదు. ఇంకెప్పుడూ పెట్టను" అని రాసి, ఇంగ్లీషులో సంతకం వచ్చినా తెలుగులోనే పెట్టాను. ఆయన చదివి, "అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి, ఏ బడి?" అన్నారు. "మా నాయనమ్మండి" అన్నాను.

కొత్త పుస్తకం శుక్రవారం ఇస్తామన్నారు. ఆ రెండు రోజులూ సింహాచలం కొండ కింద సత్రంలో ఉన్నాను. ఇస్తామన్నారు గానీ ఇచ్చేదాకా నమ్మకం లేదు. మనసు మార్చుకుంటారని, పైవాళ్ళు ఒప్పుకోరని, కాగితం కింద కాగితం పడి నాది మరిచిపోతారని అనుకుంటూనే ఉన్నాను. అన్నం బావుంది, పప్పు చిక్కగా ఉంది, నాకే దిగలేదు. శుక్రవారం సాయంత్రం గుమస్తా రెండు పుస్తకాలు కలిపి నా చేతిలో పెట్టాడు. పాతదాంట్లో కుంకుమ పేజీకి అడ్డంగా గీత కొట్టి సంతకం చేశారు.

"దీన్నైనా ఖాళీగా ఉంచండమ్మా" అన్నాడు.

మళ్ళీ రేవు

శనివారం తిరుగు దారిలో తాపేశ్వరం కాజాలు అరకిలో తీసుకున్నాను, మరిడమ్మ కోసం. సంతలో కనపడలేదు. కోటిపల్లి రేవులో దొరికింది. పక్కన ఇంకొక చేపలామె ఉంది. రెండు బుట్టలూ ఖాళీగా ఉన్నాయి.

పుస్తకాలు చూపించాను. మరిడమ్మ కొత్తదాన్ని ముట్టుకోలేదు, చేతులకి చేపల వాసన అంది. పాతదాంట్లో ఆకు ఉందా లేదా అని మాత్రం తొంగి చూసింది. "ఉంచారు" అంది, తనలో తాను.

"నువ్వు చెప్పబట్టే. నీ మాట లేకపోతే నేనీపాటికి..." అంటూ కాజాల పొట్లం ఇచ్చాను. "మీ ఊరమ్మాయికి కూడా పెట్టు. ఎవరో తెలిస్తే నేనే వచ్చి చెప్తాను, ఆమె వల్ల నేను గట్టెక్కానని."

పక్కనున్న చేపలామె పకపకా నవ్వింది. "ఏ ఊరమ్మాయండి? ఈవిడే ఆ అమ్మాయి. ముద్రలు పడ్డ పుస్తకం బుట్టలోనే ఏసుకు తిరుగుద్ది, చేపల కింద."

"నోరుముయ్యవే" అంది మరిడమ్మ, కోపం లేకుండా.

పంటు వచ్చింది. ఎక్కి కూర్చున్నాం. నది సగం దాటాక తనే బుట్ట అడుగున తాటాకు తీసి, కవర్లో చుట్టిన పాస్‌పోర్టు బయటికి తీసింది. మూల కత్తిరించి ఉంది. చెల్లదని అలా కత్తిరించి ఇచ్చేశారట.

"ఇంటికాడ ఎడితే మా ఆయన పొయ్యిలో ఎడతానంటాడండి. అందుకని నాతోనే ఉంటది."

తెరిచి చూపించింది. మొదట నాలుగైదు పేజీల్లో కువైట్ ముద్రలు. తర్వాత ఒక చోట, కుట్టు దగ్గర, సన్నటి మొండి అంచు. ఆ తర్వాత అన్నీ తెల్లవే. ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతూ పోయింది.

"మీకు పేజీలు లేవని బాధ. నా దాంట్లో చూడండి, ఎన్నున్నాయో."

నా సంచిలో ద్రాక్షారామం కుంకుమ పొట్లం ఇంకా ఉంది. పారెయ్యడానికి చేతులు రాలేదు. సంచి మూతి దగ్గర కనపడుతున్న ఆ పొట్లాన్ని మరిడమ్మ చూసింది.

"దీంట్లో ఎట్టండి" అంది.

"వద్దమ్మా."

"ఎవరేమంటారండి? ఇంకెవరూ ముద్రెయ్యరు. ఏదోటి ఉండనీండి. మీ చేత్తో ఎట్టండి."

గోదారి నీళ్ళతో వేలు తడుపుకుని, మొండి అంచు పక్కనున్న తెల్ల పేజీలో బొట్టు పెట్టాను. అది ఆరేదాకా ఆమె పుస్తకాన్ని గాలికి తెరిచి పట్టుకుని కూర్చుంది.

గురువారం విమానం ఎక్కాను. రెండు పుస్తకాలూ దారంతో కలిపి కట్టుకున్నాను. మస్కట్‌లో పెద్దావిడ కొత్తదాన్ని వేళ్ళతో తడిమి, నున్నగా ఉందని నవ్వి, ఊదింది. ఆ వారమే దానిలో వీసా వేశారు. ఇప్పుడు మళ్ళీ సెలవుకి వచ్చి ఇది రాస్తున్నాను. నా పుస్తకానికి పసుపు పెట్టాలనిపిస్తే ప్లాస్టిక్ అట్ట మీద పెడుతున్నాను. నిలవదు. ఫరవాలేదు.

ఇది చదివిన మీరు ఏ గుడికి వెళ్ళినా, ఇంట్లో దీపం ముందు కూర్చున్నా, మీవాళ్ళ పేర్లన్నీ చెప్పుకున్నాక ఆఖర్న మరిడమ్మ అని ఒక్క పేరు చేర్చండి. గోత్రం నేను అడగలేదు. పేరు చాలు.